ఉద్దెర లెక్కలు ఆన్‌లైన్‌కి మారాయి.. మరి ఖాతా ఎవరి పేరు మీద ఉంది?

ఖిలా వరంగల్: మండిబజార్ నుంచి రంగశాయిపేట దాకా, శివనగర్ నుంచి కోట లోపలి గల్లీల దాకా చిన్న దుకాణాల లెక్కలు కాగితం మీది నుంచి మెల్లగా ఫోన్‌లోకి, కంప్యూటర్‌లోకి మారుతున్నాయి. టెంట్ హౌస్ బుకింగులు, టైలర్ల కొలతలు, వెల్డింగ్ షాపు కొటేషన్లు, ఉమ్రా ట్రావెల్స్ వాళ్ల ప్యాసింజర్ లిస్టులు, కిరాణా ఉద్దెర.. అన్నీ ఏదో ఒక ఆన్‌లైన్ షీట్‌లోకి ఎక్కుతున్నాయి. ఇది మంచి మార్పే. అయితే ‘ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, ఏది ఫ్రీ’ అన్న దగ్గరే మనం ఆగిపోతున్నాం. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉంది? రేపు అవసరమైతే మన లెక్కలు మనం బయటికి తీసుకోగలమా?

ఇప్పుడే ఎందుకీ చర్చ?

కారణం 2025 అక్టోబర్ 14. ఆ రోజుతో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత అప్‌డేట్లు ఆపేసింది. అదే రోజున ఆఫీస్ 2016, ఆఫీస్ 2019లకు కూడా సపోర్ట్ ముగిసింది. కంప్యూటర్ ఆగిపోదు, ఎక్సెల్ తెరుచుకుంటుంది. కానీ కొత్తగా ఏ లొసుగు బయటపడినా దానికి మందు రాదు. ఇళ్లలో వాడే విండోస్ 10 కంప్యూటర్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 వరకు తీసుకునే వీలు కల్పించారు. అంతే. పాత కంప్యూటర్లు చాలావాటిలో విండోస్ 11 ఎక్కదు. కొత్తది కొనాలంటే వేలల్లో ఖర్చు. అందుకే బ్రౌజర్‌లో నడిచే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ వైపు చూసేవాళ్లు పెరిగారు. పాత మిషన్ అయినా సరే, బ్రౌజర్ బాగా నడిస్తే పని అయిపోతుందన్నది ఆలోచన.

ఏవేమున్నాయి?

అందరికీ తెలిసింది గూగుల్. డాక్స్, షీట్స్ 2006 నుంచి ఉన్నాయి. జీమెయిల్ ఉంటే చాలు, విడిగా కొనేది ఏమీ లేదు. ఒక షీట్‌లో కోటి గడుల దాకా పడతాయి. ఓ కిరాణా దుకాణం ఏళ్ల తరబడి రాసినా అది నిండదు. ముందు నిండేది 15 జీబీ జాగా. అందులో మెయిల్, డ్రైవ్ ఫైళ్లతో పాటు 2021 జూన్ 1 తర్వాత పెట్టిన ఫోటోలు కూడా లెక్కకొస్తాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ సైతం ఇప్పుడు ఇందులోకే వస్తుంది. అంటే ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన పెళ్లి వీడియోలు, దుకాణం బిల్లులు ఒకే సంచిలో ఉన్నట్టు. సంచి నిండితే కొత్త మెయిల్ రావడం ఆగిపోతుంది. పెద్ద ఆర్డర్ ఇచ్చిన గిరాకీ పంపిన మెయిల్ మనకు చేరకపోవచ్చు.

రెండోది మైక్రోసాఫ్ట్. వర్డ్, ఎక్సెల్ బ్రౌజర్‌లో ఫ్రీగా దొరుకుతాయి, వన్‌డ్రైవ్‌లో 5 జీబీ జాగా ఇస్తారు. అయితే వ్యక్తిగత అకౌంట్‌తో వచ్చే ఈ ఫ్రీ సేవ సొంత వాడకానికే, వ్యాపారానికి కాదని వాళ్ల షరతుల్లోనే ఉంది. వ్యాపారానికి విడిగా నెలవారీ ప్లాన్ తీసుకోవాలి. ఈ షరతు చదివేవాళ్లు తక్కువ.

మూడోది జోహో. 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలై, 2009లో జోహో అని పేరు మార్చుకున్న చెన్నై కంపెనీ ఇది. 2005లోనే జోహో రైటర్ తెచ్చింది, గూగుల్ డాక్స్ కంటే ముందే. 2025 సెప్టెంబర్ 22న కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ తాను జోహోకి మారుతున్నానని ప్రకటించారు. అక్టోబర్ 8న హోం మంత్రి అమిత్ షా తన మెయిల్ జోహోకి మార్చుకున్నారు. కేంద్ర విద్యాశాఖ తన అధికారులను జోహో ఆఫీస్ వాడమని ఆదేశించింది. దాంతో మన దగ్గర కూడా చాలామంది మొదటిసారి ఈ పేరు విన్నారు. సాఫ్ట్‌వేర్ గట్టిదే. కానీ ఇది సర్కారు సంస్థ కాదని గుర్తుంచుకోవాలి. మిగతావాటిలాగే ప్రైవేటు కంపెనీ, దాని షరతులు దానివి.

నాలుగో దారి మన కంప్యూటర్‌లోనే ఉండేది. లిబ్రెఆఫీస్ పూర్తిగా ఉచితం, వ్యాపారానికి వాడినా అడిగేవాళ్లు లేరు. 2010 నుంచి ది డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని నడిపిస్తోంది. మెనూలు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. లాత్వియాకు చెందిన ఓన్లీఆఫీస్ కూడా ఇలాంటిదే, చూడటానికి ఎక్సెల్‌లాగే ఉంటుంది. ఇవి నెట్ లేకపోయినా పనిచేస్తాయి. లిబ్రెఆఫీస్‌నే బ్రౌజర్‌లో నడిపే కొలాబోరా ఉంది గానీ, దానికి సొంత సర్వర్ పెట్టుకోవాలి లేదా అద్దెకు తీసుకోవాలి. ఒక్క దుకాణానికి అంత హంగామా అక్కర్లేదు.

నెలకు కొంచెమే కదా అంటే..

డబ్బు కట్టే ప్లాన్లన్నీ ‘మనిషికి నెలకు ఇంత’ అని ఉంటాయి. మనిషికి నెలకు 150 రూపాయలు అనుకుందాం. దుకాణంలో నలుగురికి తీసుకుంటే ఏడాదికి 7,200. దాని మీద 18 శాతం జీఎస్టీ అంటే ఇంకో 1,296. మొత్తం 8,496 రూపాయలు. ఐదేళ్లకు లెక్కేస్తే 42,480. మామూలు పద్ధతిలో జీఎస్టీ కట్టే వ్యాపారి తన జీఎస్టీ నంబర్ ఇచ్చి బిల్లు తీసుకుంటే ఆ 18 శాతం క్రెడిట్‌గా తిరిగొస్తుంది. కంపోజిషన్ స్కీంలో ఉన్నవాళ్లకు, రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు అది రాదు, జేబులోంచి పోయినట్టే. మన చిన్న దుకాణాలు ఎక్కువగా ఈ రెండో రకమే.

ఇంకో లెక్క ఉంది. తెలంగాణలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. రిజిస్టర్ అయినవాళ్లు తమ లెక్కలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచిపెట్టాలని చట్టం. 2024-25 లెక్కల వార్షిక రిటర్న్ గడువు 2025 డిసెంబర్ 31. అంటే ఆ ఏడాది బిల్లులు 2031 డిసెంబర్ దాకా మన చేతిలో ఉండాలి. ఈలోపు నెలవారీ చందా కట్టడం ఆపేస్తే, ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండిపోయిన లెక్కల గతేంటి? ప్లాన్ కొనేముందు అడగాల్సింది ధర ఒక్కటే కాదు, మానేసేటప్పుడు లెక్కలు ఏ రూపంలో చేతికొస్తాయన్నది కూడా.

పెద్ద కంపెనీకే తప్పలేదు

ఇదంతా ఊహ అనుకునేవాళ్లు నయారా ఎనర్జీ సంగతి చూడాలి. రోడ్ల పక్కన నయారా పెట్రోల్ బంకులు కనిపిస్తాయి కదా, ఆ కంపెనీయే. గుజరాత్‌లోని వాడినార్‌లో ఏడాదికి 2 కోట్ల టన్నుల రిఫైనరీ దానిది. రష్యా కంపెనీ రోస్‌నెఫ్ట్‌కు అందులో 49.13 శాతం వాటా ఉంది. 2025 జులై 18న యూరోపియన్ యూనియన్ దాని మీద ఆంక్షలు పెట్టింది. నాలుగు రోజులకే, జులై 22న మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. ఉద్యోగుల మెయిల్, మీటింగులు బంద్. డబ్బు కట్టిన లైసెన్సులు, సొంత డేటా.. అయినా తలుపు తెరుచుకోలేదని నయారా ఢిల్లీ హైకోర్టుకు ఎక్కింది. జులై 30న సేవలు మళ్లీ మొదలయ్యాయి, కంపెనీ పిటిషన్ వెనక్కి తీసుకుంది. భారతదేశంలో ఆ ఆంక్షలకు చట్టబలం లేకపోయినా ఇదంతా జరిగింది.

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు కథ కూడా అలాంటిదే. గాజా కేసులో ఇజ్రాయెల్ ప్రధాని మీద వారెంట్ వచ్చాక, 2025 ఫిబ్రవరిలో అమెరికా ఆ కోర్టు ప్రాసిక్యూటర్ కరీం ఖాన్ మీద ఆంక్షలు విధించింది. ఆయన మైక్రోసాఫ్ట్ మెయిల్ తెరుచుకోవడం లేదని మేలో వార్తలొచ్చాయి. కోర్టుకు తాము సేవలు ఆపలేదని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఏమైనా, అదే ఏడాది చివర్లో ఆ కోర్టు జర్మనీలో తయారైన ఓపెన్‌డెస్క్ అనే ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కి మారే పని పెట్టుకుంది. జర్మనీలోనే ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 30 వేల ప్రభుత్వ కంప్యూటర్లలో లిబ్రెఆఫీస్ పెట్టాలని 2024లో నిర్ణయం తీసుకుంది.

మండిబజార్‌లో దుకాణం నడిపే మనిషి మీద ఎవరూ ఆంక్షలు పెట్టరు, నిజమే. కానీ నయారాకు లాయర్లున్నారు, ఢిల్లీ హైకోర్టుకు వెళ్లే స్తోమత ఉంది. అయినా ఎనిమిది రోజులు పట్టింది. మన ఖాతా లాక్ అయితే మాట్లాడటానికి అవతల మనిషి కూడా దొరకడు.

ఈ తిప్పలు ఉర్దూ, తెలుగు వాళ్లకు కొత్త కాదు

పెళ్లి కార్డులు, పోస్టర్లు వేసే ప్రెస్సు వాళ్లను అడిగితే తెలుస్తుంది. ఉర్దూ టైపింగ్ అంటే ఏళ్ల తరబడి ఇన్‌పేజే. 1994లో మన దేశంలోనే తయారైంది, నస్తాలీఖ్ రాతను కంప్యూటర్‌లోకి తెచ్చింది. ఆ మేలు మరిచిపోలేం. కానీ పాత ఇన్‌పేజ్ ఫైళ్లలోని అక్షరాలు యూనికోడ్‌లో లేవు. ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే చదవలేం, కన్వర్టర్ పెట్టి మార్చుకోవాలి. తెలుగులో అను ఫాంట్లదీ అదే సంగతి. అనులో కొట్టిన మ్యాటర్‌ను మెయిల్‌లో అతికిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. అలా పాత మసీదు కమిటీ రికార్డులు, స్కూల్ సావనీర్లు, పుస్తకాల ఫైళ్లు తెరవలేని స్థితిలో పడి ఉండటం మనలో చాలామందికి అనుభవమే.

ఇవాళ యూనికోడ్‌లో తెలుగు, ఉర్దూ రెండూ ఏ షీట్‌లో రాసినా ఎక్కడైనా తెరుచుకుంటాయి. ఆ గొడవ తీరింది. కానీ పాఠం అలాగే ఉంది. ఒక్కరి దగ్గరే తెరుచుకునే ఫైల్‌లో పెట్టిన లెక్క సగమే మనది. ఎక్సెల్ రూపం గానీ, ఓడీఎస్ అనే ఉమ్మడి రూపం గానీ, సీఎస్‌వీ గానీ అయితే పది సాఫ్ట్‌వేర్లలో తెరవచ్చు.

మన దగ్గర అసలు చిక్కు

కంపెనీలు తలుపు మూసే సందర్భాలు అరుదు. మన దగ్గర ఖాతాలు పోయేది చాలా చిన్న కారణాలతో. జీమెయిల్ పెట్టింది అల్లుడో, మేనల్లుడో, లేకపోతే మూలమీది ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడో. పాస్‌వర్డ్ అతనికే గుర్తు. రికవరీకి ఇచ్చింది అతని నంబరే. రేపు అతను దుబాయ్ వెళ్లిపోతాడు, పాత సిమ్ వదిలేస్తాడు. రద్దయిన నంబర్‌ను 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇచ్చుకోవచ్చన్నది టెలికాం కంపెనీలకున్న నిబంధన. ఆ తర్వాత మన ఓటీపీ ఎవరో తెలియని మనిషి ఫోన్‌కి పోతుంది. ఇక రెండేళ్లు తెరవని వ్యక్తిగత అకౌంట్లను తీసేసే పద్ధతిని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి మొదలుపెట్టింది. పాత లెక్కలున్న అకౌంట్‌ను పక్కన పడేస్తే, అవసరమొచ్చి వెతికే రోజుకి అది ఉండకపోవచ్చు.

ఇంటి దగ్గర మగ్గం వర్క్, టైలరింగ్ చేసే మన ఆడవాళ్ల సంగతి ఇంకా సున్నితం. పని వాళ్లది, గిరాకీ వాళ్లది, కానీ ఖాతా మాత్రం భర్త ఫోన్‌లోనో తమ్ముడి మెయిల్‌లోనో ఉంటుంది. మాట పట్టింపు వచ్చిన రోజు కస్టమర్ల లిస్టు, బాకీల లెక్క రెండూ చేజారతాయి. ఎవరి పని వాళ్ల పేరు మీద, ఎవరి ఖాతా వాళ్ల నంబర్ మీద ఉండటం న్యాయం.

ఉమ్రా ట్రావెల్స్, స్కాలర్‌షిప్ ఫారాలు నింపే సెంటర్ల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతోంది. పాస్‌పోర్ట్, ఆధార్ కాపీలు ఒక ఫోల్డర్‌లో వేసి, లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు అని పెట్టేస్తున్నారు. ఆ లింక్ ఒక వాట్సాప్ గ్రూపులో పడితే ఇక ఊరందరిదీ. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో దాని నిబంధనలు నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమలవుతాయి. చట్టం సంగతి అటుంచితే, నమ్మి ఇచ్చిన కాగితాలు అమానత్ కదా.

కాగితమే నయమా?

కాగితమే మేలనే పెద్దలున్నారు. వాళ్ల మాటలో నిజం ఉంది. కాగితానికి పాస్‌వర్డ్ లేదు, కరెంటు అక్కర్లేదు. కానీ వరంగల్‌కు వరదల అనుభవం ఉంది. 2020 ఆగస్టు, 2023 జులై, 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను.. ఆరేళ్లలో మూడుసార్లు నగరంలో కాలనీలు నీళ్లలో మునిగాయి. గల్లా కింద పెట్టిన రిజిస్టర్ తడిస్తే సిరా కరిగిపోతుంది. నేల మీద పెట్టిన కంప్యూటర్‌దీ అదే గతి. ఆన్‌లైన్‌లో ఒక కాపీ ఉంటే ఆ లెక్క బతుకుతుంది. అలాగే వానలో నెట్ పోయిన రోజు ఆన్‌లైన్ ఒక్కటే నమ్ముకుంటే బిల్లు కొట్టలేం. గూగుల్ షీట్స్‌ను నెట్ లేకుండా వాడే సెట్టింగ్ ఉంది, కానీ నెట్ ఉన్నప్పుడే దాన్ని పెట్టుకోవాలి. కాబట్టి కాగితమా ఆన్‌లైనా అన్న పంచాయితీ అనవసరం. రెండు చోట్ల ఉండాలి.

లెక్క దీన్‌లో కూడా ఉంది

ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరె బఖరాలోని 282వది. అది అప్పుల రాతకోతల గురించే. గడువు పెట్టుకున్న అప్పును రాసుకోవాలని, చిన్నదని నిర్లక్ష్యం చేయొద్దని, సాక్షులుండాలని చెబుతుంది. జకాత్ లెక్కకూ ఇదే ఆధారం. దుకాణంలో అమ్మకానికున్న సరుకు, చేతిలో నగదు, రావాల్సిన బాకీలు తెలిస్తేనే 2.5 శాతం సరిగ్గా తేలుతుంది. అంచనాతో ఇచ్చేది అంచనాగానే మిగులుతుంది.

ఇంకా బరువైనది మరణం తర్వాతి సంగతి. వారసుల వాటాల కంటే ముందు మయ్యత్ ఖర్చులు, తర్వాత అప్పులు, ఆ తర్వాత వసీయత్ తీరాలి. ఇంటి పెద్ద ఎవరికెంత బాకీ ఉన్నాడో ఆ లెక్క ఒక ఫోన్‌లో, ఎవరికీ తెలియని పాస్‌వర్డ్ వెనక ఉండిపోతే ఇంట్లో వాళ్లు ఏం తీర్చగలరు? ఉద్దెర తీసుకున్నవాడు ఇవ్వనంటే ఏ ఆధారం చూపగలరు? గూగుల్‌లో దీనికి ఒక ఏర్పాటు 2013 నుంచి ఉంది. ఖాతా కొన్ని నెలలు తెరవకపోతే ఎవరికి కబురు పోవాలో, ఏ డేటా వాళ్లకు అందాలో ముందే రాసిపెట్టుకోవచ్చు. పది మంది పేర్ల దాకా ఇవ్వచ్చు. ఐదు నిమిషాల పని.

ఏం చేస్తే మంచిది?

దుకాణానికి వేరే మెయిల్ పెట్టాలి. అది యజమాని పేరు మీద, యజమాని నంబర్ మీద ఉండాలి. పనివాళ్లకు, పిల్లలకు పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు, షీట్‌ను వాళ్ల మెయిల్‌కి షేర్ చేస్తే సరిపోతుంది. మానేసినవాళ్ల పేరు ఆ రోజే తీసేయొచ్చు. రెండో రికవరీ నంబర్‌గా ఇంట్లో నమ్మకమైన మనిషిది ఇవ్వాలి. ఇంటి ఫోటోలు, వాట్సాప్ బ్యాకప్ ఆ మెయిల్‌లో పెట్టొద్దు.

ఒకరిద్దరు నడిపే దుకాణానికి ఫ్రీ గూగుల్ షీట్, పక్కన కంప్యూటర్‌లో లిబ్రెఆఫీస్ చాలు. నలుగురైదుగురు ఉండి, సొంత పేరుతో మెయిల్, బిల్లింగ్ కావాలనుకుంటే జోహో, గూగుల్, మైక్రోసాఫ్ట్ ప్లాన్లలో ఏదైనా చూడొచ్చు. కొనే ముందు ఒక పరీక్ష పెట్టండి. పది బిల్లులు ఎక్కించి, వాటన్నిటినీ బయటికి దించి, లిబ్రెఆఫీస్‌లో తెరిచి చూడండి. అంకెలు, తేదీలు, తెలుగు పేర్లు సరిగ్గా వస్తే ఆ సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది. రాకపోతే ఎంత చవకైనా వద్దు.

ఇక నెలకోసారి, జుమా తర్వాత దుకాణం తెరిచేలోపు పావుగంట దీనికి కేటాయిస్తే చాలు. షీట్‌ను ఎక్సెల్‌గా, పీడీఎఫ్‌గా దించి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంట్లో బీరువాలో పెట్టండి. బాకీల పేజీ ఒక్కటి ప్రింట్ తీసి ఇంట్లో ఒకరికి చూపించండి. కంపెనీ ధర పెంచినా, సిమ్ పోయినా, వరద వచ్చినా, మనమే లేకపోయినా ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి నుంచి ఎంత రావాలో ఆ కాగితం చెబుతుంది.